పెంకులమ్మ నోరు

పోటు వేళ ఉప్పుమొగ బజారులో నిలబడి తూర్పుకు చూస్తే పడవలు మనుషుల తలల కంటే పైన తేలుతూ కనిపిస్తాయి. ఊరు పల్లంలో ఉంది, సముద్రం మెరక మీద ఉంది. రెంటికీ మధ్య కరకట్ట ఒక్కటే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు మొదట్లో ఆ పడవల వైపు చూడకుండా తలదించుకుని బజారుకు వెళ్ళొస్తారు. తర్వాత వాళ్ళకూ అలవాటైపోతుంది.

ఆ కట్టకు ప్రాణం పోసింది వీరవేణి. ఆ ఊరి ఆడపిల్లే. ఆమె తండ్రి తూము దగ్గర లస్కరుగా పనిచేశాడు. ఊరి మురుగు, ఎగువ చేల నీళ్ళు అన్నీ పెద్ద కాలువలో పడి ఆ తూము దగ్గరికే రావాలి. ఆటు వేళ ఇనుప తలుపులు ఎత్తి నీళ్ళను సముద్రంలోకి వదలడం, పోటు మొదలయ్యే ముందు దించడం ఆయన పని. ఆ తలుపుల చప్పుడు వింటూ పెరిగిన వీరవేణి పట్నంలో చదువుకుని, ఒక పరిశోధన సంస్థలో చేరి, చివరికి కంటికి ఆనని ఒక జీవిని వెంటబెట్టుకుని ఊరికి తిరిగి వచ్చింది.

పాత ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఆమె ప్రయోగశాల పెట్టుకుంది. తొట్లలో ఇసుక, సముద్రపు నీళ్ళు, ఆ నీళ్ళలో ఆ జీవి. అక్కడ పనికి కుదిరిన మార్తమ్మ రోజూ వచ్చి వాటిలో చెరకు మడ్డి పోసేది. చక్కెర మిల్లులో మిగిలిపోయే నల్లటి పాకం అది. తీపి తగలగానే ఆ జీవి నీళ్ళలోని సున్నాన్ని పట్టి, ఇసుక రేణువులను ఒకదానికొకటి అతికించేది, గవ్వ తన పెంకు కట్టుకున్నట్టు. పాలల్లో తోడు వేసినట్టు పాత పెంకు ముక్క ఒకటి వేస్తే కొత్త తొట్టె పేరుకునేది. ప్రయోగశాలలో ఆ ముక్కను తోడు అనే పిలిచేవారు. వీరవేణి పొద్దున లేత పెంకు మీద గోటితో గీత గీసేది. గోరు సులువుగా దిగేది. భోజనాలయ్యాక వచ్చి చూస్తే గీత పూడిపోయి ఉండేది. ముదిరిన పెంకులో గడ్డపలుగు కూడా సులువుగా దిగదు.

కట్టకు తోడు వేసిన మొదటి రోజు ఊరంతా చూడటానికి వచ్చింది. మట్టి జారుడుగా ఉందని వీరవేణి చెప్పులు విప్పి, రెండు చేతులతో బిందె పట్టుకుని, వంగి మడ్డి పోసింది. ఆమె తల్లి కాసులమ్మ కళ్ళు తుడుచుకుంది. చదువుకున్న కూతురు చెప్పులు విప్పి సముద్రానికి మొక్కడం ఆమె చూడటం అదే మొదటిసారి. వీరవేణి అది మొక్కు కాదని చెప్పింది. కాసులమ్మ నవ్వి ఊరుకుంది. ఆ శుక్రవారం ఆమె పానకం కలుపుకుని కట్ట మీదికి వెళ్ళింది. తర్వాతి శుక్రవారం వీధిలో ఆడవాళ్ళంతా వెళ్ళారు. కొన్నాళ్ళకు పెంకు పెంకులమ్మ అయింది.

వీరవేణి అడ్డు చెప్పలేదు. సంస్థ పంపే మడ్డి ఎప్పుడూ చాలేది కాదు. ఆడవాళ్ళు పోసే బెల్లం నీళ్ళు కట్టకు మంచివే. కాకపోతే ఒకచోటే పోయకుండా కట్ట పొడవునా పోయమని తల్లికి చెప్పి చూసింది.

"అమ్మోరికి కూడెక్కడెడతామే? ఈపు మీదా?" అంది కాసులమ్మ. "నోట్లోనే కదా."

నోరంటే తూము. ఊరి నీళ్ళు బయటికి వెళ్ళేదీ, సముద్రం లోపలికి చూసేదీ అక్కడే. తూము గోడలకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేలాడదీశారు. లస్కరు చనిపోయాక ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. తలుపులకు కరెంటు మోటారు బిగించారు. కొన్నేళ్ళుగా వానలు తక్కువ, కాలువలో నీళ్ళూ తక్కువ. తలుపులు ఎత్తే పని పెద్దగా పడలేదు.

తూముకు దక్షిణంగా, కట్ట వంపు తిరిగే చోట కొఠారుపేట ఉంది. ఒకప్పుడు ఉప్పుమళ్ళలో పనిచేసిన వాళ్ళ ఇళ్ళు, ఒక ఇసుక దిబ్బ, దిబ్బ మీద చిన్న చర్చి, దాని వెనక సమాధులు. మార్తమ్మది ఆ పేటే. పెంకు రాకముందు వచ్చిన తుఫానులో ఆమె కూతురు పోయింది. ఏడేళ్ళ పిల్ల. తల్లి చెయ్యి పట్టుకునే ఉండగా నీళ్ళు లాక్కెళ్ళాయి. ప్రయోగశాలలో పనికి మనిషి కావాలన్నప్పుడు అందరికంటే ముందు వచ్చి నిలబడింది మార్తమ్మ. పానకం బిందెతో మాత్రం ఆమె ఎప్పుడూ కట్ట మీదికి వెళ్ళలేదు. ఆ పేట వాళ్ళను ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

కొఠారుపేట వైపు కట్టకు పెంకు ఇంకా వేయలేదు. బయట మడ చెట్లు ఉన్నాయి కాబట్టి అక్కడ అల నేరుగా తగలదని, ముందు బజారు వైపు పూర్తి చేద్దామని పని వరస నిర్ణయించింది వీరవేణే. మా వైపు ఎప్పుడు వేస్తారని మార్తమ్మ అప్పుడప్పుడూ అడిగేది. తర్వాత, మార్తక్కా, అనేది వీరవేణి. మార్తమ్మ తల ఊపి తొట్టె కడుక్కునేది.

*

బంగాళాఖాతంలో అల్పపీడనం తుఫానుగా మారిందని, ఉప్పుమొగకు దగ్గరలోనే తీరం దాటుతుందని తెలిసిన రోజు పట్నం నుంచి సంస్థ డైరెక్టరు ఫోన్ చేశాడు. ఆయన గొంతులో భయం లేదు. పెంకు నిలబడితే దేశంలోని ప్రతి తీరపు ఊరికీ అదే కట్ట కడతారని, కొలతలు తప్పకుండా తీయమని చెప్పాడు. వీరవేణి కట్ట పొడవునా నడిచి చూసింది. ఎక్కడా పగులు లేదు. మనసు కుదుటపడి, చివరికి తూము తలుపులు ఒకసారి ఎత్తించి చూద్దామని మోటారు మీట నొక్కింది.

మోటారు మూలిగింది. తలుపులు కదల్లేదు.

ఆమె కిందికి దిగి బంతిపూల దండలు పక్కకు లాగి, చీర కొంగుతో పసుపు తుడిచింది. పసుపు కింద తలుపూ, గోడా, తలుపు జారే గాడీ వేరువేరుగా లేవు. అంతా ఒకే రాయి. ప్రతి శుక్రవారం ఆమె ఆ దారినే వెళ్ళింది. పసుపు చూసింది, పూలు చూసింది. వాటి కింద చేత్తో తడిమి చూడాలని ఎన్నడూ తోచలేదు.

మగవాళ్ళు గడ్డపలుగులు తెచ్చారు. పడవల షెడ్డు నుంచి గ్యాస్ కట్టర్ తెచ్చారు. ఏళ్ళ తరబడి పోసిన తీపి ఆ పెంకు లోపల పొరల్లో నిలవ ఉంది. చిన్న కన్నం పడగానే అవతలి నుంచి సముద్రపు నీరు చిమ్మేది, తీపి కరిగేది, కన్నం అంచులు మెత్తగా తెల్లబడి ఒకదానివైపు ఒకటి జరిగేవి. ఉప్పునీరు తగలకుండా ఉంటే పెంకు పూడదు. అంటే ఆటు రావాలి, నీళ్ళు తగ్గాలి. ఆ రోజు ఆటు రాలేదు. ఎక్కడో దూరాన ఉన్న తుఫాను అప్పటికే నీళ్ళను ఒడ్డుకు తోసి పట్టుకుంది.

కాసులమ్మ గట్టు మీద నిలబడి ఇదంతా చూసింది. కూతురు పైకి వచ్చాక అడిగింది.

"ఏంటే వేణీ. అమ్మోరు మనల్ని కాయదా?"

"కాస్తదమ్మా," అంది వీరవేణి. "సముద్రాన్ని రానివ్వదు. మన నీళ్ళనీ పోనివ్వదు."

*

కట్ట నిలబడింది.

తెల్లారేసరికి గాలి ఊరి పైకప్పులు ఊడబెరుకుతోంది. తుఫాను షెల్టరు మేడ మీద కిటికీల దగ్గర గుమిగూడిన వాళ్ళకు కట్ట అవతల సముద్రం గోడలా లేచి కనిపించింది. అల వచ్చి కట్టను కొట్టి, నురగై ఎగిరి, వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. మట్టి కట్టయితే మొదటి దెబ్బకే పోయేదని ముసలివాళ్ళన్నారు. కొందరు చేతులు జోడించారు. పడవల యజమాని, వార్డు పెద్ద కూడా అయిన సత్తిరాజు వీరవేణి తల మీద చెయ్యి పెట్టి, మీ నాన్న చూసుండాల్సిందమ్మాయ్ అన్నాడు. ఆమె కిటికీ వైపు చూడటం లేదు. వెనక వైపు, పడమటి వసారాలోంచి కిందికి చూస్తోంది.

నీళ్ళు అటునుంచి వచ్చాయి. ఎగువన కురిసిన వానంతా పెద్ద కాలువలో పడి తూము దాకా వచ్చి, దారి లేక వెనక్కి తిరిగి, బజారులోకి మళ్ళింది. చప్పుడు లేదు. అల లేదు. గోధుమరంగు నీళ్ళు సందుల్లో పరుచుకుని, అరుగులెక్కి, కిటికీల ఊచలు తాకాయి. ఊరు కంచంలా ఉంది, కంచం నిండుతోంది. షెల్టరు కింది గదిలో ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు ఉన్నారు. మేడ మీద నిలబడటానికే చోటు లేదు. నీళ్ళు షెల్టరు మెట్లెక్కడం మొదలుపెట్టాయి.

గండి కొట్టాలని ముందుగా అన్నదెవరో వీరవేణికి తెలియదు. అది కొత్త మాట కాదు. ఆ డెల్టాలో నీళ్ళు నిలిచిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట కట్టకు గండి కొడతారు. నీళ్ళు ఎవరి ఇళ్ళ మీదుగా పోవాలన్నది ఎవరి బలాన్ని బట్టి వాళ్ళు తేల్చుకుంటారు.

మధ్యాహ్నానికి గాలి హఠాత్తుగా ఆగింది. తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చింది. కాసేపటికి గాలి పడమర నుంచి మొదలైంది. ఇక సముద్రం వెనక్కి లాగుతుంది. గండి కొట్టాలంటే మళ్ళీ పోటు వచ్చేదాకానే గడువు.

సత్తిరాజు ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"తూము నీళ్ళ అడుగున ఉంది. కట్ట ఎక్కడ మెత్తగా ఉందో నీకొక్కదానికే తెలుసు. చెప్పమ్మాయ్."

కింది గదిలోంచి పిల్లల ఏడుపు వినిపిస్తోంది. తల్లులు వాళ్ళను బెంచీల మీదికి ఎక్కించుకుంటున్నారు. కొఠారుపేట వాళ్ళు ఆ మేడ మీద లేరు. నిన్న సాయంత్రం వచ్చారు. మేడ నిండింది, కాసేపాగి రమ్మన్నారు. వాళ్ళు కాసేపు వాకిట్లో నిలబడి, ఎప్పుడూ వెళ్ళే చోటికే, దిబ్బ మీది చర్చికి వెళ్ళిపోయారు. మార్తమ్మ కూడా.

"కొఠారుపేట వంపు దగ్గర," అంది వీరవేణి చివరికి. "అక్కడ పెంకు లేదు. ముందు మనుషుల్ని తీసుకొద్దాం, బాబాయ్. తర్వాతే గడ్డపలుగు."

*

బజారులో పడవలు వేసుకుని వెళ్ళారు. కొట్ల బోర్డులు చేతికందే ఎత్తులో ఉన్నాయి. వాళ్ళు చేరేసరికి పేటలో ఇళ్ళు సగం మునిగాయి. దిబ్బ ఒక్కటే తేలి ఉంది. చర్చి గోడల లోపల మనుషులూ మేకలూ ఒకరినొకరు ఒరుసుకుని నిలబడ్డారు. మార్తమ్మ ఎదురొచ్చింది. పడవల్లో గడ్డపలుగులు చూసింది. వీరవేణి ఏదో చెప్పబోయింది.

"చెప్పొద్దులే, వేణమ్మా. నీళ్ళు ఎనక నుంచొచ్చినప్పుడే తెలిసింది, గండి ఇక్కడే అని." మార్తమ్మ మాట మామూలుగానే ఉంది, మడ్డి డబ్బా మూత ఎక్కడుందని అడిగినట్టు. "ఎప్పుడడిగినా మా పేటకి తర్వాతే అన్నారు. ఇయ్యాల అందరికంటే ముందు మా పేటకే వచ్చారు."

సత్తిరాజు తల తిప్పుకున్నాడు. పడవల్లోంచి ఎవరూ దిగలేదు.

వీరవేణి దిగింది. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, మీరు వద్దంటే వెనక్కి వెళ్ళిపోతాం అంది. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. అన్ని పడవలు, అంతమంది మగవాళ్ళు ఆ మాట విని వెనక్కి వెళ్ళరు. మార్తమ్మ చర్చి వెనక్కి చూసింది. సమాధుల మీది సిమెంటు శిలువలు వానలో తడుస్తున్నాయి. వాటిలో ఒకటి చిన్నది.

"గండి కొడతారు, నీళ్ళు పోతాయి. ఆ తర్వాత కట్ట ఎక్కణ్ణుంచి ఎక్కడికి కడతారు?"

వీరవేణి ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించగానే కళ్ళ ముందు గీత కనిపించింది. వంపు తెగిపోయాక ఎవరైనా దగ్గరి దారే చూస్తారు. రెండు కొసలనూ కలుపుతూ పేటకు లోపలి వైపు తిన్నగా గీస్తారు. పేటా, దిబ్బా సముద్రం వైపు ఉండిపోతాయి.

"దిబ్బ లోపలే ఉంటది, మార్తక్కా."

"మాటొద్దు. ఇన్నాళ్ళూ మీరు చూపించిన చోట మడ్డి పోశాను. ఈసారి ఎక్కడ పొయ్యాలో నేను చూపిస్తాను. సరేనా?"

సరేనంది వీరవేణి.

పేట వాళ్ళను, మేకలను, ఒక కుట్టు మిషనును పడవల్లో ఎక్కించారు. షెల్టరు మేడ మీద చోటు లేదని ఈసారి ఎవరూ అనలేదు. కట్ట తవ్వినవాళ్ళలో పేట మగవాళ్ళూ ఉన్నారు. ఒక చాలు తెగగానే నీళ్ళు దారి తెలుసుకున్నాయి. చాలు కాలువైంది, కాలువ ఏరైంది. ఊరి నీళ్ళన్నీ ఒక్కసారిగా పేట మీదుగా పరిగెత్తాయి. నానిన గోడలు ఒకదాని తర్వాత ఒకటి కూర్చుండిపోయాయి. తాటాకు కప్పులు విడిపోకుండా అలాగే తేలుతూ గండిలోంచి సముద్రంలోకి వెళ్ళాయి. మార్తమ్మ పడవలోంచి తన ఇల్లు వెళ్ళడం చూసింది. చుట్టాలను బస్సెక్కించినట్టు అది కనుమరుగయ్యేదాకా చూసి, తర్వాత దిబ్బ వైపు తిరిగింది. చర్చి గోడ ఒకటి పడింది. సమాధులు ఉన్నాయి.

సాయంత్రానికి షెల్టరు మెట్లు బయటపడ్డాయి.

*

వాన తెరిపిచ్చాక ట్రాక్టరు మీద ఒక ఇంజినీరు వచ్చాడు. గండిని చూసి, వీరవేణి అనుకున్నట్టే పేటకు లోపలి వైపు తాడు పట్టించి తిన్నగా గీత గీశాడు. అమావాస్య పోటు ఎదురుగా ఉంది. మామూలు పోటుకే నీళ్ళు గండిలోంచి పేట గుంటలోకి వచ్చి పోతున్నాయి. అమావాస్యకు అవి బజారులోకి వస్తాయి. తుఫాను నీళ్ళను ఆపిన ఊరు ఉత్త పోటుకు మునుగుతుంది. ఇసుక బస్తాలు పేర్చి, పెంకుతో అతికిస్తే గండి మూసుకోవచ్చు. దగ్గరి గీతయితే బస్తాలూ చాలుతాయి, మడ్డీ చాలుతుంది. దిబ్బను చుట్టి రావాలంటే గీత చాలా పొడవు. మడ్డి పలచగా పోయాలి. పెంకు పలచగా కడుతుంది. పోటు వచ్చేలోపు ముదరకపోతే మొత్తం పోతుంది. ఫోన్‌లో డైరెక్టరు కూడా దగ్గరి గీతే అన్నాడు. పేట వాళ్ళకు మెరక మీద స్థలాలిస్తారని సత్తిరాజు అందరిముందూ మాటిచ్చాడు.

వీరవేణి ప్రయోగశాలకు వెళ్ళింది. మేడ మీద మడ్డి పీపాలు భద్రంగా ఉన్నాయి. తొట్లు మాత్రం కంపు కొడుతున్నాయి. కరెంటు పోయి, గాలి పంపులు ఆగి, తోడంతా చచ్చిపోయింది. మార్తమ్మ ఒక్కొక్క తొట్టెలో చెయ్యి పెట్టి, తీసి, చీరకు తుడుచుకుంది. బతికున్న పెంకు ఇక కట్టకే ఉంది. కట్టను ఎక్కడ ముట్టుకున్నా అక్కడ బలహీనమవుతుంది. ముట్టుకున్నా నష్టం లేని చోటు ఒక్కటే.

ఆటు వేళ ఆమె గడ్డపలుగు పట్టుకుని తూము దగ్గరికి వెళ్ళింది. అవతల నీళ్ళు దిగిపోయి తూము గోడలు ఆరాయి. ఆడవాళ్ళు అప్పటికే అక్కడ కూర్చున్నారు. కాసులమ్మ తూముకు వీపు ఆనించి ఉంది. కొత్తగా ఎవరో పసుపు రాశారు. వీరవేణి తల్లికి అంతా చెప్పింది: ఈ పెంకు పగలగొట్టాలి, తలుపులు కదలాలి, ఈ ముక్కలే దిబ్బను చుట్టి వచ్చే కొఠారుపేట కట్టకు తోడు కావాలి. సత్తిరాజు వెనకే వచ్చాడు.

"తోడు తీసుకో. ఎవరొద్దన్నారు? దగ్గరి గీతకి వెయ్యి," అన్నాడు. "ఒక్క సమాధి కోసం ఊరిని ముంచుతావా?"

"ముందెవరు, వెనకెవరు అని మొన్నటిదాకా నేనే వరస పెట్టాను, బాబాయ్. పెడితే ఏమైందో చూశాం."

"ఈసారి పోతే అందరం పోతాం."

"అవును," అంది వీరవేణి. దిబ్బ చుట్టూ గీత నిలుస్తుందని ఆమెకు నమ్మకం లేదు. నిలవకపోవచ్చనే లెక్కలు చెబుతున్నాయి.

కాసులమ్మ అంతసేపూ కూతురి మొహం చూస్తూనే ఉంది.

"మనం తినిపించిందే కదే," అంది నెమ్మదిగా. "అంతా ఈ ఒక్క నోట్లోనే పోశాం. పక్కనే ఆ మార్తమ్మ మడ్డి బిందె కడుక్కుంటూ నిలబడేది. నువ్వూ ఒక చెంబు పొయ్యవే అని ఒక్కనాడన్నా అనలేదు నేను."

ఆమె లేచింది. తూముకు మొక్కి, బంతిపూల దండ తీసి నీళ్ళలో వదిలి, కూతురి చేతిలోంచి గడ్డపలుగు అందుకుంది. మొదటి దెబ్బ సరిగా తగల్లేదు. రెండో దెబ్బకు పసుపు అంటిన పెంకు ఒకటి అరచేయంత ఊడి ఆమె కాళ్ళ దగ్గర పడింది. దాన్ని చీర కొంగులో వేసుకుంది. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత గంపలు తెచ్చారు.

సత్తిరాజు మగవాళ్ళను తీసుకుని వెళ్ళి దగ్గరి గీత మీద బస్తాలు పేర్చసాగాడు. కొంతసేపటికి వాళ్ళలో సగంమంది దిబ్బ వైపు వచ్చేశారు. పేట వాళ్ళూ బజారు వాళ్ళూ ఒకే వరసలో నిలబడి బస్తాలు అందించుకున్నారు. స్నేహంతో కాదు, అలసటతో. ఒకరినొకరు తిట్టుకున్నారు. ఒక బస్తా జారి ఒకడి కాలి మీద పడింది. తూము తలుపులు ఎత్తగలిగిన పూట ఎవరికీ సంతోషించే తీరిక లేదు.

బస్తాల సందుల్లో పెంకు ముక్కలు పెట్టారు. మడ్డి పోసే ముందు వీరవేణి మార్తమ్మ వైపు చూసింది. మార్తమ్మ బిందె ఎత్తుకుని దిబ్బ అవతలి అంచుకు నడిచింది. సమాధులన్నింటినీ దాటి, చిన్న శిలువనూ దాటి, సముద్రం వైపు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, అక్కడి నుంచి పోయడం మొదలుపెట్టింది. ఆమె వెనక కాసులమ్మ పానకం చెంబుతో నడిచింది. బెల్లం వరదలో నాని ముద్దయింది. ఆ ముద్దనే నీళ్ళలో పిసికి తెచ్చింది. ఎక్కడ పోయాలని ఆమె మార్తమ్మను అడిగింది. మార్తమ్మ వేలితో చూపించింది.

మడ్డి అయిపోయింది. గీత కొసకు వచ్చేసరికి పీపాలు కడిగిన నీళ్ళు కూడా పోశారు.

*

అమావాస్య పోటు పొద్దెక్కాక మొదలైంది. ఊరివాళ్ళు మళ్ళీ షెల్టరు మేడ ఎక్కారు. వీరవేణి దిబ్బ మీదే ఉంది. కాసులమ్మను, మార్తమ్మను వెళ్ళమంటే వెళ్ళలేదు. కాసులమ్మ చర్చి మెట్టు మీద కూర్చుని తలకు కొంగు చుట్టుకుంది. మార్తమ్మ చిన్న సమాధి మీద మేట వేసిన ఇసుకను చేత్తో తుడుస్తోంది.

నీళ్ళు మడ చెట్ల వేళ్ళ మధ్య నుంచి వచ్చాయి. నురగ లేకుండా, తొందర లేకుండా వచ్చి బస్తాల అడుగును తాకాయి. నల్లటి మడ్డి గీత తడిసి గోధుమరంగుకు తిరిగింది. ఒకచోట సందులోంచి సన్నటి ధార లోపలికి కారింది. వీరవేణి పరిగెత్తి, బస్తాల మీదుగా బయటి వైపుకు వంగి, అక్కడ అరచెయ్యి అడ్డం పెట్టింది. మార్తమ్మ వచ్చి పక్క సందులో పెట్టింది. కాసులమ్మ కొంగు విప్పి, అందులో ఇంకా దాచుకున్న మొదటి పెంకు ముక్కను మూడో సందులో కుక్కి, భుజం ఆనించింది. నీళ్ళు వాళ్ళ మోచేతుల దాకా వచ్చాయి. ముగ్గురూ కదల్లేదు.

చాలాసేపటికి వీరవేణి చెయ్యి తీసి చూసింది. ధార ఆగలేదు, సన్నబడింది. ఆమె ఆ అంచు మీద గోటితో గీసింది. గోరు దిగింది, మెత్తటి జున్నులోకి దిగినట్టు. మార్తమ్మ ఆమె గోటినే చూస్తోంది. వీరవేణి మళ్ళీ అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు మూసుకుని, నీళ్ళు భుజాన్ని తాకేదాకా ఆగి, ఇంకోసారి గీసింది.

ఈసారి గోరు సగమే దిగింది. నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయి.